డొల్ల గిటార్, దాని చిల్లులు, మూడు ధరలు

విశాఖపట్నం జ్ఞానాపురంలో సెయింట్ పీటర్స్ కెథడ్రల్‌కు కాస్త అవతల, ఒక పాత పెంకుటింట్లో గిటార్ అమ్మకానికి ఉందని మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, గిబ్సన్ కంపెనీదట. 1950ల నాటిది. లోపల డొల్ల. రెండు లక్షల ఇరవై వేలు చెబుతున్నారు. కాకపోతే ఏవేవో మార్చారట" అన్నాడు. నాకు చెప్పేలోపే వాడు ఇద్దరిని అడిగేశాడు. పాత వాయిద్యాలు కొని అమ్మే బెంగళూరు వ్యాపారి ఒకాయన ఫోటోలు చూసి, ఎనభై వేలు దాటితే వదిలేయమన్నాడు. మన ఊళ్ళోనే హోటళ్ళలో, పెళ్ళి విందుల్లో వాయించే గిటారిస్టు ఒకరు లక్షా యాభైకి వస్తే కళ్ళకద్దుకుని తెచ్చుకోమన్నాడు.

వస్తువు ఒకటి, ధరలు మూడు. "వీళ్ళలో ఎవరు మోసం చేస్తున్నారు?" అని మావాడి సందేహం. ఎవరూ చేయడం లేదు. ముగ్గురూ మూడు వేర్వేరు సంగతులకు ఖరీదు కడుతున్నారు. ఆ మూడూ ఒకే పెట్టెలో ఇమిడి ఉండటమే చిక్కు. మరుసటి ఆదివారం చిన్న టార్చి, నోట్లు పరీక్షించే ఊదారంగు లైటు, పళ్ళ డాక్టర్లు వాడే అద్దం, ఒక స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని ఇద్దరం బయలుదేరాం.

పెట్టె సంగతి

మనం కచేరీల్లో చూసే ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ భాగం చెక్క దిమ్మెలు. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుడితే అది పికప్. దాని పైన ఉక్కు తీగ కదిలినప్పుడు చుట్టలో కరెంటు పుడుతుంది, ఆంప్లిఫయరు దాన్ని పెంచి వినిపిస్తుంది. దిమ్మె పని దాదాపుగా తీగలను బిగించి పట్టుకోవడమే. డొల్ల గిటార్ దారి వేరు. అది పికప్ తగిలించుకున్న వాయిద్యపు పెట్టె. కరెంటు లేకపోయినా మోగుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ కుండను ఎందుకు పలచన చేస్తారో, దీని పైపలకను పలచగా ఉంచడానికీ కారణం అదే: తీగ కదిలితే చెక్క కూడా కదలాలి.

చూడటానికి ఇది వీణ కన్నా వయొలిన్‌కు దగ్గర. పైపలక మధ్యలో ఉబ్బి ఉంటుంది, రెండు పక్కలా ఎఫ్ అక్షరం లాంటి రంధ్రాలు ఉంటాయి. 1922లో గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ అనే ఆయన ఎల్-5 గిటార్‌కు వయొలిన్ నుంచి ఈ రంధ్రాలు తెచ్చి పెట్టాడు. బాకాలు, శాక్సొఫోన్లు మోగే జాజ్ బృందంలో అయినా గిటార్ గొంతు వినిపించేది కాదు. 1936లో అదే కంపెనీ ఈఎస్-150 అనే మోడల్‌కు పికప్ బిగించి అమ్మింది. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. ఒళ్ళో పడుకోబెట్టి వాయించే హవాయి గిటార్ కాదని చెప్పడానికి ఆ స్పానిష్. 1939లో చార్లీ క్రిస్టియన్ అనే గిటారిస్టు ఆ గిటార్‌తో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరాక గిటార్ వెనక వరస నుంచి ముందుకు వచ్చింది.

జ్ఞానాపురం ఇంట్లో పెట్టె మూత తీయగానే కనిపించింది ఈఎస్-125. 1941లో వచ్చి, యుద్ధకాలంలో ఆగి, మళ్ళీ 1946 నుంచి 1970 దాకా అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూ ఊళ్ళో తయారైన, ఆ కంపెనీ వారి చవక రకం. చవక రకం కాబట్టి దీని పైపలక చెక్కినది కాదు, మేపుల్ అనే కొయ్య పొరలను అతికించి అచ్చులో వత్తినది. మామూలు మాటల్లో చెప్పాలంటే ప్లైవుడ్.

"ప్లైవుడ్‌కు రెండు లక్షలా?" అని మావాడు నా చెవిలో గొణిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు అంత సూటిగా ఉండదు. స్ప్రూస్ అనే కొయ్యలో చెక్కిన పలక బాగా మోగుతుంది, అయితే అది ఆంప్లిఫయరు ముందు మరీ బాగా మోగుతుంది. స్పీకరు శబ్దం పెట్టెను తాకుతుంది, పెట్టె తీగను కదుపుతుంది, తీగ పికప్‌ను, పికప్ మళ్ళీ స్పీకరును. ఈ గుండ్రపు పరుగులో ఒక్కసారిగా పెద్ద ఊళ పుడుతుంది. ఫీడ్‌బ్యాక్ అనేది అదే. ప్లైవుడ్ కొంచెం మొండిది కనుక ఆ ఊళ ఆలస్యంగా వస్తుంది. 1949లో వచ్చిన ఈఎస్-175 కూడా ప్లైవుడ్డే. జాజ్ గిటారిస్టులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పైగా పొరల చెక్క మన సముద్రపు గాలికి ఒంటి పలక చీలినంత సులువుగా చీలదు.

ఇంకో తేడా కూడా ఇక్కడే చెప్పేయాలి, అమ్మకాల ప్రకటనల్లో తరచూ కలగాపులగం చేస్తారు కాబట్టి. 1958లో వచ్చిన ఈఎస్-335 సగం డొల్ల. మధ్యలో నిలువునా మేపుల్ దిమ్మె ఉంటుంది, రెండు పక్కలే ఖాళీ. దాని నడుమ స్క్రూ బిగిస్తే కింద చెక్క దొరుకుతుంది. పూర్తి డొల్లలో స్క్రూ బిగిస్తే కింద దొరికేది గాలి. మార్పుల గురించి ఇక రాయబోయేదంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది.

తాతలు తాగిన నేతులు

ఇంటి పెద్దాయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. గిటార్ వాళ్ళ నాన్నగారిది. ఆయనా వాల్తేరు డివిజన్‌లోనే పనిచేశారు. పోర్టుకు వచ్చిన విదేశీ ఓడలో ఒక అధికారి దగ్గర 1962లో కొన్నారట, తరువాత కలకత్తాలో పికప్ మార్పించారట. అప్పట్లో మన డివిజన్ ఆగ్నేయ రైల్వేలో ఉండేది, ఆ రైల్వే కేంద్రం కలకత్తా. పాసు మీద వెళ్ళిరావడం వాళ్ళకు పక్కింటికి వెళ్ళినట్టే.

కథ నమ్మదగ్గదే. నమ్మాల్సిన అవసరం మాత్రం లేదు. పాత వాయిద్యాల వ్యాపారంలో 'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అనే ధోరణి కథలకు కొదవ లేదు. వాసన చూడాల్సింది చెక్కను, టంకాన్ని.

ఎఫ్ రంధ్రంలోంచి టార్చి వేసి, పళ్ళ డాక్టరు అద్దం దూర్చి చూశాను. లోపల వెనుక పలక మీద సిరాతో వేసిన ముద్ర ఉంది: డబ్ల్యూ అక్షరం, పక్కన అంకెలు. గిబ్సన్ వాళ్ళు 1952 నుంచి 1961 దాకా ఈ ఫ్యాక్టరీ ముద్రలకు అక్షరమాలను వెనుక నుంచి వాడుకున్నారు. 1952కు జెడ్, 1953కు వై, 1954కు ఎక్స్, 1955కు డబ్ల్యూ. అంటే ఈ పెట్టె 1955 నాటిది. సిరా మీద పల్చగా నల్లటి పొర కనిపించింది. పాతవూరి గాలిలో ఎగిరే బొగ్గు ధూళి అది. ఎక్కడెక్కడో తిరిగి నిన్న మొన్న వచ్చిన సరుకైతే అంత బొగ్గు పట్టి ఉండదు.

తరువాత శబ్దం పెంచి తగ్గించే తిరుగుడు మీటల, అంటే పాట్ల, వెనుక అంకెలు చూశాను. పాట్ డబ్బా మీద తయారీదారు గుర్తు, సంవత్సరం, వారం వరసగా వేసి ఉంటాయి. దీని మీద ఉన్నది 1377312. మొదటి 137 సీటీఎస్ అనే కంపెనీ గుర్తు, తరువాతి 73 సంవత్సరం, చివరి 12 పన్నెండో వారం. కాబట్టి లోపలి వైరింగు 1973కు ముందుది కాదు. అంతకు ముందుది కాదని మాత్రమే పాట్ చెబుతుంది, ఎప్పటిదో చెప్పదు. 1973 పాట్‌ను 1990లోనూ బిగించవచ్చు.

ఇక పికప్. ఈ మోడల్‌కు పుట్టుకతో వచ్చేది పీ-90, ఒంటి చుట్టది. ఇప్పుడు ఉన్నది రెండు చుట్టల హంబకర్. గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజనీరు దాన్ని రూపొందిస్తే 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశారు; గిటార్ల మీదకు వచ్చింది 1957లో. కాబట్టి 1955 గిటార్ మీద అది ఉందంటే ఎవరో తరువాత పెట్టారని వేరే సాక్ష్యం అక్కర్లేదు. విప్పి చూస్తే అడుగున పేటెంటు నంబరు చీటీ ఉంది. ఇందులో ఒక తమాషా ఉంది. 1962 ప్రాంతం నుంచి గిబ్సన్ హంబకర్ల అడుగున అంటించిన ఆ 2,737,842 నంబరు హంబకర్‌ది కానే కాదు, తీగలు కట్టే తోక భాగానికి వచ్చిన పేటెంటుది. పొరపాటో, నకలు చేసేవాళ్ళను దారి తప్పించే ఎత్తుగడో అని గిటార్ల వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఈ మార్పుకే యాభై ఏళ్ళ వయసు ఉండవచ్చు, పెట్టిన పికప్ కూడా ఇప్పుడు విలువైన పాత సామానే.

పెద్దాయన కథకూ చెక్క చెప్పిన కథకూ ఎక్కడా గొడవ రాలేదు. అదే చాలు.

చిల్లులకు ఒక లెక్క

మార్పులన్నీ ఒక గాటన కట్టేస్తే ధర అర్థం కాదు. నేను వాటిని వేసే ప్రశ్న ఒక్కటే: దీన్ని వెనక్కి తిప్పవచ్చా?

తీగలు పెట్టె మీద ఆనే బ్రిడ్జిని చూడండి. ఈ రకం గిటార్లలో బ్రిడ్జిని అతికించరు. వయొలిన్‌లో లాగే తీగల ఒత్తిడికే పైపలక మీద నిలబడుతుంది. ఈ గిటార్‌కు రోజ్‌వుడ్ బ్రిడ్జి తీసేసి, శ్రుతి సర్దుకునే లోహపు బ్రిడ్జి పెట్టారు. తీగలు వదులు చేసి పాతది పెట్టుకుంటే రెండు నిమిషాల్లో 1955కు వెళ్ళిపోతాం. దీనికి ధర తగ్గించమని అడిగితే అది పేచీ.

బిరడల దగ్గర అలా కాదు. పాత చిన్న బిరడలు తీసి గ్రోవర్ కంపెనీ బిరడలు పెట్టారు. వాటి కాడ లావు, పది మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. అందుకని ఆరు రంధ్రాలనూ పెద్దవి చేశారు. శ్రుతి మాత్రం బ్రహ్మాండంగా నిలుస్తుంది. తోక వైపు బిగ్స్‌బీ వైబ్రాటో బిగించారు. తీగలన్నిటినీ ఒక్కసారి వణికించే పిడి అది. ఇందులో రెండు ప్రధాన రకాలు. ఒకటి గిటార్ అంచు పక్కకే స్క్రూలతో పట్టుకుంటుంది. మరొకదానికి పైపలకలో కూడా స్క్రూలు దిగాలి, అది దిమ్మె ఉన్న గిటార్లకు. డొల్ల గిటార్ పైపలకకు ఆ రెండోది బిగించిన ఘనులు ఉన్నారు. కొన్నాళ్ళకు స్క్రూలు పలకను పీక్కుని లేస్తాయి. ఇక్కడ బిగించినవాడికి పని తెలుసు, మొదటి రకమే వాడాడు.

అసలు గాయం పికప్ దగ్గర ఉంది. హంబకర్ పట్టడానికి పైపలకలో ఉన్న రంధ్రాన్ని కోసి వెడల్పు చేశారు. దానికి తోడు ఒక స్విచ్చి కోసం పైన వేరే చిల్లు వేసి, ఆ స్విచ్చి తరువాత ఎవరో తీసేస్తే ఇప్పుడు అక్కడ నల్ల బిళ్ళ అతికించి ఉంది. దిమ్మె గిటార్‌లో కోత పడితే తగ్గేది చెక్క. డొల్ల గిటార్‌లో మోగే పలకే తగ్గుతుంది. దాని అడుగున నిలువునా రెండు బద్దెలు పలకను ఎత్తి పట్టుకుంటాయి. కోసేవాడు ఆ బద్దెను తాకాడా లేదా అన్నది ముఖ్యం. తాకితే పలక నెమ్మదిగా కుంగుతుంది. అద్దంతో చూశాను, బద్దెలు రెండూ క్షేమం. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలా పలక అంతా మెల్లగా తట్టాను. వదులైన బద్దె ఉంటే గరగరమంటుంది. అనలేదు.

మరమ్మతును మార్పుల ఖాతాలో వేయకూడదు. వెనుక అంచున ఒక అతుకు ఊడితే మళ్ళీ అతికించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో పెంకులు లేచిపోయి ఇంట్లోకి నీళ్ళు వస్తే ఊడిందని పెద్దాయన చెప్పారు. అతికింది శుభ్రంగానే. అరిగిన ఫ్రెట్లు మార్చడం కూడా ఇంతే. వీణ మేళం మళ్ళీ కట్టిస్తే వీణ విలువ తగ్గిందని ఎవరైనా అంటారా? బండికి టైర్లు మార్చినట్టు అది.

రంగు మాత్రం అన్నిటికన్నా పెద్ద దొంగ. పాత రంగు గీకేసి కొత్తగా వేస్తే గిటార్ ధర సుమారు సగానికి పడుతుందని వ్యాపారుల ముతక లెక్క. కళ్ళకు అందంగా కనబడుతుంది కాబట్టి కొత్తవాళ్ళు దానికే ఎక్కువ ఇస్తారు, మేడిపండు వ్యవహారం. ఆ కాలపు నైట్రోసెల్యులోజ్ లక్క ఊదారంగు లైటు కింద పసుపు పచ్చగా మెరుస్తుంది, తరువాత పూసిన చోటు చీకటిగా ఉంటుంది. గది తలుపులు మూయించి చూశాం. బిళ్ళ చుట్టూ, అతుకు దగ్గర చిన్న నల్ల మచ్చలు తప్ప ఒళ్ళంతా మెరిసింది. మావాడికి ఆ దృశ్యమే రెండు లక్షలు చేసేలా ఉంది.

ఇప్పుడు ధర. మార్పు లేని ఇదే గిటార్‌ను వంద అనుకుందాం. పెద్దాయన రెండు లక్షల ఇరవై వేలు ఎక్కడినుంచి తెచ్చారంటే, విదేశీ అమ్మకాల పేజీల్లో చెక్కుచెదరని ఈఎస్-125లకు చెప్పే ధరను రూపాయల్లోకి మార్చారు. చెప్పే ధర వేరు, చేతులు మారే ధర వేరు. కాబట్టి నా వంద రెండు లక్షల దగ్గర మొదలైంది. కోసిన పికప్ రంధ్రానికి ముప్పై తీశాను. స్విచ్చి చిల్లుకు అయిదు, బిరడలకు అయిదు, బిగ్స్‌బీకి మూడు. బ్రిడ్జికి సున్నా. మిగిలింది యాభై ఏడు. ఇవి నా అంకెలు, ఎవరి పట్టికా కాదు. ఇంకొకరు ఇరవై అయిదు తీయవచ్చు, నలభై తీయవచ్చు. వరస మాత్రం మారదు: మొదటి పెద్ద కోతే ఎక్కువ తింటుంది, ఆ తరువాతి చిల్లులకు విలువ తక్కువ. చెక్కుచెదరని గిటార్‌లో పడ్డ ఒక్క చిల్లు దాన్ని దాచుకునేవాళ్ళ జాబితా నుంచి తీసేస్తుంది. ఇప్పటికే తీసేసిన గిటార్‌లో ఇంకో చిల్లు పడితే ఎవరూ పెద్దగా ఏడవరు.

బెంగళూరు వ్యాపారి ఎనభై వేలకు ఆగిపోవడంలో అన్యాయం లేదు. ఆయన దీన్ని మళ్ళీ అమ్మాలి, నెలల తరబడి దుకాణంలో ఉంచుకోవాలి, ఫోటోలో కనిపించని లోపానికి జాగా వదులుకోవాలి. ఆయన ఖరీదు కట్టింది పోయిన చరిత్రకు. పెద్దాయన ఖరీదు కట్టింది ఉన్న చరిత్రకు, అందులో నాన్నగారి చేయి కూడా ఉంది. హోటల్ గిటారిస్టుకు చరిత్రతో పని లేదు. శ్రుతి నిలిచే బిరడలు, రొద చేయని పికప్, వణికించే పిడి. మనం తీసేసిన మార్కులన్నీ ఆయన కలిపాడు.

రొద గురించి ఒక మాట. మన ఇళ్ళ కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఒంటి చుట్ట పికప్ ఆ కంపనాన్ని ఏరియల్‌లాగా పట్టి ఝుమ్మంటుంది. హంబకర్‌లో రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో పనిచేసేలా కలుపుతారు, వాటి కింద అయస్కాంత ధ్రువాలను కూడా తిప్పేస్తారు. బయటి రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగ శబ్దానికి ధ్రువం, చుట్ట రెండూ తిరగడంతో అది కలిసి రెట్టింపవుతుంది. కోత లేకుండా ఇదే మేలు పొందే దారి కూడా ఉంది: ఒక చుట్ట మీద ఇంకో చుట్ట పేర్చి పీ-90 కొలతలోనే ఇమిడే పీ-100 లాంటి పికప్‌లు తరువాత వచ్చాయి. ఈ కోత 1973 ప్రాంతానిదే అయితే కత్తి పట్టినవాడికి ఆ వెసులుబాటు లేదు, అతన్ని తిట్టి లాభం లేదు.

మార్చినవాళ్ళందరూ పాపాత్ములా?

మార్చని వస్తువుకే విలువ అనే పద్ధతి దాచుకునేవాళ్ళది, వాయించేవాళ్ళది కాదు. రాక్ అండ్ రోల్ గాయకుడు ఎడ్డీ కాక్రన్ తన గ్రెచ్ 6120 డొల్ల గిటార్‌లో మెడ వైపు పికప్ పీకేసి గిబ్సన్ పీ-90 పెట్టుకున్నాడు. చాలా ఏళ్ళకు గ్రెచ్ కంపెనీయే ఆ మార్పుతో సహా నమూనాలు చేసి అమ్మింది. బీటిల్స్ బృందపు జాన్ లెనన్ 1968లో తన ఎపిఫోన్ కసీనో గిటార్ రంగంతా గీకించేశాడు. మనం గీకితే సగం ధర, ఆయన గీకితే మ్యూజియం. ఫీడ్‌బ్యాక్ ఊళ ఆపడానికి బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ ఎఫ్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో గిబ్సన్ ఆయన పేరిట రంధ్రాలే లేని గిటార్ తయారు చేసింది.

మన వైపు చూస్తే ఇంకా పెద్ద సాహసాలు. బ్రిజ్ భూషణ్ కాబ్రా గిబ్సన్ సూపర్ 400 లాంటి ఖరీదైన డొల్ల గిటార్‌ను తీసుకుని, తీగలు పైకి లేచేలా నట్, అంటే మెడ చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ, ఎత్తు చేయించి, శ్రుతి తీగ చేర్పించి, ఒళ్ళో పెట్టుకుని హిందుస్తానీ రాగాలు పలికించారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ నాలుగు జతల తీగల బదులు అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకోకపోతే కర్ణాటక గమకాలు ఆ వాయిద్యంలో అంత సాగేవి కావు. పాటకు ఏది అవసరమో దానికి తగ్గట్టు కొయ్యను మలచడం మనకు కొత్త కాదు. జ్ఞానాపురం గిటార్ మీద పనిచేసిన అజ్ఞాతుడు కూడా తన పాటకు కావలసిందే చేసుకున్నాడు. డెబ్భై ఏళ్ళ గిటార్‌ను మావాడి లాంటి ఇంజనీరింగు విద్యార్థి కొనగలిగే స్థితికి తెచ్చినది కూడా ఆ కోతే.

అయితే చిల్లుల లెక్కలో మునిగి మెడ చూడటం మరచిపోయేవాళ్ళను చాలామందిని చూశాను. మెడను పెట్టెలో దింపి బంకతో అతికిస్తారు. దశాబ్దాల తీగల లాగుడుకు ఆ కోణం మారుతుంది. బ్రిడ్జిని పూర్తిగా కిందికి దింపినా తీగలు వేలికి అందనంత ఎత్తులో ఉంటే, మెడను ఆవిరి పట్టి ఊడదీసి మళ్ళీ కూర్చాలి. అది సైకిలు రిపేరు కాదు. విశాఖలో ఆ పనికి నేను ధైర్యంగా చూపించగల మనిషి లేడు. చెన్నైకో బెంగళూరుకో పంపాలి, ఖర్చు ఏ చిల్లుకన్నా ఎక్కువ. ఇక్కడ బ్రిడ్జి కింద ఇంకా నాలుగు మిల్లీమీటర్ల జాగా ఉంది. అది చూశాకే నేను ధర మాట్లాడటానికి కూర్చున్నాను.

ఆంప్లిఫయరుకు కలిపి వాయించేటప్పుడు తీగలను తాకితే రొద తగ్గాలి. తోక భాగానికి వెళ్ళే ఎర్త్ వైరు బతికి ఉందన్నమాట. ఇంటి సాకెట్‌కే ఎర్త్ లేకపోతే తీగలు మీకు షాక్ ఇవ్వవచ్చు, ముఖ్యంగా మైకు ముందు పాడేవాళ్ళకు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన మూడో రంధ్రం వెనుక వైరు ఉందని నమ్మకండి.

విదేశాలకు అమ్ముకోవచ్చు కదా అనే ఆలోచన మావాడికి అప్పుడే వచ్చింది. ఆ కాలపు గిబ్సన్ల వేలిపలక బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి అది అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది, అంటే సరిహద్దు దాటించాలంటే ముందుగా అనుమతి పత్రాలు కావాలి. తయారైపోయిన వాయిద్యాలకు 2019లో ఇచ్చిన సడలింపు మిగతా రోజ్‌వుడ్ రకాలకే, దీనికి వర్తించదు.

బేరం చివర్లో పెద్దాయన భార్య లోపలి నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చారు. "ఇవి కూడా దానివే, మా మామగారు పారేయనిచ్చేవారు కాదు బాబూ" అన్నారు. తెరిస్తే పాత పీ-90, దాని నల్లటి తొడుగు, మూడేసి బిరడలు ఉన్న రెండు పట్టీలు, రోజ్‌వుడ్ బ్రిడ్జి, తోక భాగం. నా లెక్కలో యాభై ఏడు ఆ క్షణాన అరవై అయింది. గిటార్‌ను దాచే పెట్టె కూడా పాతదే కావడంతో లక్షా ఇరవై అయిదు వేలకు తెగింది.

ఇంటికి తెచ్చాక మావాడు అడగనే అడిగాడు, పీ-90 మళ్ళీ పెట్టేద్దామా అని. పెట్టి చూశాం. కోసిన రంధ్రం పెద్దది, తొడుగు పక్కన సన్నని సందు కనబడుతుంది, మళ్ళీ చెక్క అతికించి రంగు కలపాలి. వద్దన్నాను. గిటార్‌ను బీచ్ వైపు గోడకు తగిలించవద్దని కూడా చెప్పాను. ఈ ఊళ్ళో గాలిలో తేమ ఏడాదిలో చాలా భాగం డెబ్భై శాతం పైనే ఉంటుంది, ఇలాంటి వాయిద్యానికి యాభైకి అటూ ఇటూ చాలు. తెచ్చిన వారానికే కొత్త తీగల మీద తుప్పు చుక్కలు కనిపించాయి. మూసిన పెట్టెలో తేమ పీల్చే సిలికా సంచులు వేసి, నెలకోసారి ఎండబెడుతున్నాడు.

బిస్కెట్ల డబ్బాలో ఒక కాగితం పెట్టించాను. 1955 పెట్టె, పికప్, పాట్లు 1973 తరువాత, స్విచ్చి చిల్లు ఎప్పటిదో, వెనుక అతుకు 2014 తరువాత. కింద కొంచెం ఖాళీ ఉంచమన్నాను. నట్ అరిగిపోయి ఉంది, వచ్చే నెల మార్చాలి.